కదిలే గది కోసం ఢిల్లీకి

మా ఆయన మల్లేశ్‌కి కిడ్నీలు పాడై నాలుగేళ్లవుతోంది. ఆసుపత్రికి వెళ్లి యంత్రం పక్కన పడుకునే పద్ధతి కాదు ఆయనది. ఇంట్లోనే పొట్టలోకి మందునీళ్లు ఎక్కించుకుని, కొన్ని గంటల తర్వాత వాటిని దించేసి మళ్లీ కొత్తవి ఎక్కించుకోవాలి. రోజుకు నాలుగుసార్లు. దానికి దుమ్ము లేని గది కావాలి. తలుపు మూయాలి, ఫ్యాను ఆపాలి, మూతికి మాస్కు కట్టుకోవాలి. ఇక ఆ నీళ్ల సంచుల బరువు ఎత్తినవాళ్లకే తెలుస్తుంది. విత్తనాల కంపెనీలో పనిచేస్తూ జిల్లాలన్నీ తిరిగిన మనిషి నాలుగేళ్లుగా నిజామాబాద్ దాటలేదు.

"శుభ్రమైన గదినీ, సంచుల్నీ వెంట తీసుకెళ్లగలిగితే ఈయన ఎక్కడికైనా వెళ్లొచ్చమ్మా," అన్నారు డాక్టరు గారు ఒకసారి. ఆయన మాటవరసకే అన్నారు. నేను మాత్రం పట్టుకుని వదల్లేదు. బండి వెనక లాక్కుపోయే చిన్న గదులుంటాయని, వాటిలో కుటుంబాలు క్యాంపింగ్‌కి వెళతాయని అంతకుముందే ఫోనులో చూసి ఉన్నాను. గది సంగతి మా ఊళ్లో వెల్డింగ్ షాపువాళ్లు చూస్తామన్నారు. దాన్ని, దానిలో సంచుల్ని, మమ్మల్నీ కలిపి లాగే బండి కావాలి. మా చిన్న కారు వల్ల కాదు.

మా తమ్ముడు శ్రీను ఢిల్లీలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. "అక్కా, ఇక్కడ పదేళ్లు దగ్గరపడ్డ డీజిల్ బళ్లని బయటి రాష్ట్రాలకి అమ్మేస్తారు. పదేళ్లు దాటితే ఇక్కడ తిప్పనివ్వరు. ఆ రూల్ ఎప్పుడు బిగుస్తుందో, ఎప్పుడు వదులవుతుందో ఎవరికీ తెలీదు. మంచి ఎస్‌యూవీలు దొరుకుతాయి, వచ్చి చూసుకో," అన్నాడు. నేను హైస్కూల్లో లెక్కలు చెబుతాను. వేసవి సెలవులు వచ్చాయి. ఇంటర్ పూర్తయిన మా అమ్మాయి దివ్య, "నాన్న సంగతి నేను చూసుకుంటా, నువ్వు పో," అంది. మే రెండో వారంలో బయలుదేరాను.

నిజామాబాద్ నుంచి పొద్దుటి బస్సులో నాగపూర్, అక్కడ సాయంత్రం రైలు. ముందుగా రిజర్వేషన్ చేయించుకోకపోతే సెలవుల్లో ఈ దారిలో బెర్తు దొరకదు. నా ఎదుటి బెర్తులో బేతూల్‌కి చెందిన ఒక పెద్దావిడ, మామిడిపళ్ల బుట్టతో కూతురింటికి వెళుతోంది. నేనెందుకు వెళుతున్నానో చెబితే కాసేపు నా వైపే చూసింది. "బండి కొనడానికి మీరొక్కరే వెళుతున్నారా?" అని అడిగి, నేను జవాబు చెప్పేలోపే ఒక పండు నా చేతిలో పెట్టింది.

తెల్లవారాక కిటికీలోంచి చంబల్ లోయలు కనిపించాయి. నేల మొత్తాన్ని ఎవరో గోళ్లతో రక్కినట్టు, చూపు ఆనినంత దూరం మట్టి గుట్టలు, వాటి మధ్య లోతైన చీలికలు. చేతిలో టీ చల్లారిపోయింది. ఇదంతా మల్లేశ్ చూడాలి అనుకున్నాను. ఆ ప్రయాణమంతా ఏది చూసినా ముందు వచ్చింది ఆ మాటే.

పది గంటలకల్లా నిజాముద్దీన్ స్టేషన్‌లో దిగాను. బయటే మెట్రో. అక్కడి నుంచి ఒక్క స్టేషన్ దూరంలో మయూర్ విహార్, శ్రీను ఫ్లాటు. తెలుగువాళ్లు చాలామందే ఉన్నారక్కడ. లిఫ్టులో ఒక చిన్నపిల్లని వాళ్లమ్మ "ఆంటీకి నమస్తే చెప్పమ్మా" అంటే, ఆ పిల్ల "హెలో ఆంటీ, ఆప్ గెస్ట్ హో?" అని హిందీలోనే అడిగింది, చుట్టాలా మీరు అని.

మొదటి నాలుగు రోజులూ పాత బళ్ల షాపుల చుట్టూ తిరిగాం. ఎండ నలభై నాలుగు దాటింది. నా తర్వాత వెళ్లేవాళ్ల కోసం రెండు మాటలు. ఇంజను వేడెక్కించి ఉంచిన బండిని చూడకండి. చల్లారి ఉన్నప్పుడు మీ ఎదుటే స్టార్ట్ చేయించండి. ఛాసిస్ నంబరు కాగితాల మీద నంబరుతో కలుస్తుందో లేదో మీ కళ్లతో చూడండి. బండిని వేరే రాష్ట్రానికి మార్చుకోవడానికి రవాణా ఆఫీసు ఇచ్చే అనుమతి పత్రం, ఎన్‌ఓసీ, ఎవరు తెచ్చివ్వాలో ముందే తేల్చుకోండి. ఒక షాపులో మీటరు వెనక్కి తిప్పారని పెడళ్ల అరుగుదల చూస్తేనే తెలిసిపోయింది. ఇంకో షాపులో అమ్మేవాడు నాతో మాట్లాడకుండా ప్రతి జవాబూ శ్రీనుకే చెప్పాడు. శ్రీనుకి కారు నడపడమే రాదు.

అయిదో రోజు ఇంటర్నెట్‌లో ఒక ప్రకటన కనిపించింది. గురుగ్రామ్ పక్కన పాలం విహార్. ఏడు సీట్లు, డీజిల్, నాలుగు చక్రాలకూ ఇంజను శక్తి అందేది, వెనక ట్రైలర్ తగిలించుకునే ఏర్పాటు కూడా ఉంది. ఫోన్ చేస్తే ఒక ఆడగొంతు ఇంగ్లీషులో మాట్లాడింది. నా పేరు, ఊరు విని ఆగి, "తెలుగోళ్లా? మరి ఇంగ్లీషెందుకమ్మా. రేపు మద్దేన్నం భోజనానికి వచ్చీండి," అంది.

మయూర్ విహార్‌లో బ్లూ లైన్ మెట్రో ఎక్కితే మారే పని లేకుండా ద్వారకా చివరి దాకా పోవచ్చు. గంటకు పైగానే. యమున మీదుగా వెళ్లి, ఊరి నడిమధ్యలో భూమిలోకి దిగి, పడమట మళ్లీ పైకి తేలి, ఇళ్ల కప్పుల మీదుగా పోతూనే ఉంటుంది. ఎంత పోయినా ఊరు అయిపోదు. ఇన్ని కిటికీల వెనక ఇంతమంది ఉన్నారా అని నేను నోరు తెరుచుకుని చూస్తుంటే, శ్రీను నవ్వి, "నేను వచ్చిన కొత్తలో రెండు నెలలు ఇట్లనే చూసిన," అన్నాడు. ద్వారకాలో దిగేసరికి నెత్తి మీద విమానాలు చక్రాలు చాచుకుని దిగుతున్నాయి. అక్కడి నుంచి ఆటో.

తలుపు తీసినావిడ సుశీల గారు. శ్రీకాకుళం జిల్లా ఆమెది. మిలిటరీ ఆసుపత్రుల్లో నర్సింగ్ ఆఫీసర్‌గా పనిచేసి రిటైరయ్యారు. ఆమె భర్త గుర్మీత్ సింగ్ గారు సైన్యంలో ఇంజనీరు. తెల్లగడ్డం, నీలం తలపాగా, ఆరడుగుల పైమాటే. నమస్కారం పెట్టబోతే ఆయనే ముందు చేతులు జోడించి, "రామ్మా, కూకో. ఎండలో వచ్చినావు, మజ్జిగ తాగుతావేటి?" అన్నారు. నేనూ శ్రీనూ మొహమొహాలు చూసుకున్నాం. నలభై ఏళ్లుగా భార్య నోటి నుంచి నేర్చుకున్న తెలుగు అది, అచ్చం శ్రీకాకుళం యాసతో.

భోజనమయ్యాక బండి చూపించారు. తెల్లది. ముందు బంపర్ మీద రాళ్ల దెబ్బలు, లోపల మాత్రం శుభ్రంగా ఉంది. చల్లారిన ఇంజను మొదటి తిప్పుకే అందుకుంది, పొగ లేదు. కాని నా చూపు దాని వెనక ఉన్నదాని మీద పడింది. ఒక చిన్న గది, రెండు చక్రాల మీద. బయట అల్యూమినియం రేకు, లోపల నునుపైన చెక్క గోడలు. ఎదురెదురుగా రెండు బల్లలు. రాత్రికి కలిపితే మంచం. గాజు కిటికీలకి దోమతెర. వెనక తలుపు పైకెత్తితే స్టౌ, నీళ్ల కుళాయి. లోపలికి ఎక్కి తలుపు మూసుకుని నిలబడ్డాను. చప్పుడు ఆగిపోయింది. దుమ్ము వాసన లేదు. నేను నాలుగేళ్లుగా మనసులో కట్టుకుంటున్న గది ఇదే. కట్టేసి ఉంది, ఎదురుగా ఉంది.

బయటికి వచ్చి, "ఇది కూడా అమ్ముతారా అంకుల్?" అని అడిగాను.

ఆయన తల అడ్డంగా ఊపారు. "బండి తీసుకెళ్లమ్మా. ఇది మాత్రం ఇవ్వను. రెండేళ్లు పట్టింది కట్టడానికి."

సుశీల గారు వివరించారు. ఆయనకి చూపు తగ్గుతోంది, డాక్టర్లు డ్రైవింగ్ మానమన్నారు. ఆమెకు మోకాళ్ల నొప్పులు. ఇద్దరూ కలిసి లడాఖ్, స్పితి, కచ్ అన్నీ ఈ గదిలో తిరిగినవాళ్లే. "ఇప్పుడు దీన్లో కూకుని టీ తాగుతాడమ్మా పొద్దున్నే, ఇంటి ముందరే," అన్నారు. అంత మాట విన్నాక ఇంకేమీ అడగలేకపోయాను. నాకెందుకు కావాలో మాత్రం ఆమె అడిగితే చెప్పాను. నర్సు కదా, సగం చెప్పేసరికే అర్థమైంది. లోపలికి ఎక్కి కప్పు వైపు ఒకసారి, బల్ల వైపు ఒకసారి చూసి దిగిపోయారు.

"బరువు లాగి చూడకుండా బండి కొనకూడదు," అన్నారు గుర్మీత్ గారు. ట్రైలర్ తగిలించి, దగ్గర్లో ఖాళీ స్థలానికి తీసుకెళ్లి నాచేత నడిపించారు. ముందుకు వెళ్లడం కష్టం కాదు. వెనక్కి నడపడమే. ట్రైలర్ వెనక్కి ఎడమవైపు పోవాలంటే స్టీరింగ్ కుడికి తిప్పాలి. చేతులకున్న ఇరవై ఏళ్ల అలవాటు వద్దంటుంది. మూడుసార్లు బండీ, గదీ మడతపడ్డాయి. "కంగారు పడకమ్మా. సన్నగా తిప్పు. అది ఎటెళ్తందో సూసి అప్పుడు తిప్పు," అని ఆయన కిటికీ పక్కన నడుస్తూ చెబుతూనే ఉన్నారు. గంటకి చేతులు మాట విన్నాయి.

నాలుగు దాటాక నలుగురం ఫరీదాబాద్ వెళ్లే కొండదారి పట్టాం. నేనే నడుపుతున్నాను, పక్కన ఆయన, వెనక సుశీల గారు, శ్రీను. గురుగ్రామ్ అద్దాల మేడలు దాటగానే ఆరావళి కొండలు మొదలయ్యాయి. ఇంత పెద్ద ఊరికి ఆనుకుని ఇంత పాత కొండలు ఉంటాయని నేనెప్పుడూ అనుకోలేదు. ఎర్రరాళ్లు, తుమ్మపొదలు, రోడ్డు దాటుతున్న నెమలి. వెనక అంత బరువున్నా బండి ఎత్తు ఎక్కుతుంటే ఇంజను గొంతు మారలేదు.

తిరుగుదారిలో పడమటి ఆకాశం గోధుమరంగైంది. మబ్బనుకున్నాను. "ఆంధీ," అన్నారు గుర్మీత్ గారు. దుమ్ము తుపాను. నేల నుంచి ఆకాశం దాకా లేచిన గోడ ఒకటి మేడల్ని ఒక్కొక్కటే మింగుతూ మా వైపు వస్తోంది. భయపడాలని కూడా తోచలేదు, చూస్తూ ఉండిపోయాను. ఆయన చెప్పినట్టు లైట్లు వేసి, వేగం తగ్గించి పక్కకు జరిగాను. అయిదు నిమిషాల్లో పగలు పోయింది. బండి ఊగింది, ఇసుక అద్దాల మీద చరచరమని కొట్టింది. తర్వాత పెద్ద చినుకులు పడ్డాయి. గాలి కాస్త తెరిపిచ్చాక మెల్లగా కదిలి మలుపు తిరిగితే, రోడ్డుకి అడ్డంగా ఒక చెట్టు పడి ఉంది. దాని కింద ఆటో.

కప్పు అణిగిపోయి ఉంది. వెనక సీట్లో ఇద్దరు ఆడవాళ్లని అప్పటికే ఎవరో బయటికి లాగారు. డ్రైవరు మాత్రం లోపలే. హ్యాండిల్‌కీ సీటుకీ మధ్య కాలు ఇరుక్కుంది. పదిమంది మగవాళ్లు మాను ఎత్తడానికి ప్రయత్నిస్తే అది లేచి మళ్లీ కూర్చుంది. అతను అరిచిన అరుపు విన్నాక ఎవరూ మళ్లీ చెయ్యి వేయలేదు.

సుశీల గారు మోకాళ్ల నొప్పి సంగతి మరిచి రోడ్డు మీద కూర్చుని, రేకు సందులోంచి చెయ్యి పెట్టి అతని మణికట్టు పట్టుకున్నారు. "కాలు సల్లబడతాంది. ఆలిస్యం సేయకండి," అన్నారు. గుర్మీత్ గారు బండిలోంచి వెడల్పాటి తాడుపట్టా తెచ్చి చేతులతో తడుముకుంటూ మానుకి చుట్టి, రెండో కొస బండి ముందరి కొక్కానికి తగిలించారు. అప్పుడు నాకు అర్థమైంది. లాగాలంటే వెనక్కి నడపాలి. ట్రైలర్‌తో సహా.

"ట్రైలర్ విప్పుదామా అంకుల్?"

"ఇది వాలు. విప్పితే దొర్లిపోతాది, పక్కన గొయ్యి. నువ్వు నడపగలవు. నాకు ఆ అద్దంలో ఏమీ కనపడదమ్మా."

శ్రీను వానలో పరుగెత్తి వెనక ఆగిన కార్లను వెనక్కి పంపించాడు. ఆయన చెప్పినట్టు బండిని తక్కువ వేగం, ఎక్కువ బలం ఇచ్చే గేరులో వేశాను. రివర్స్. క్లచ్ మెల్లగా వదిలాను. పట్టా బిగిసి సన్నగా మూలిగింది. ఒక క్షణం ఏమీ జరగలేదు. తర్వాత ఆ బండి ఏ ఆర్భాటమూ లేకుండా వెనక్కి వాలింది, పదిమందికి లేవని మాను దానితో పాటు కదిలింది. అద్దంలో ట్రైలర్ కుడికి జరగడం కనిపించి, స్టీరింగ్ సన్నగా అటే తిప్పాను. గది మళ్లీ నా వెనక్కి వచ్చింది. గుర్మీత్ గారు చెయ్యెత్తి జానెడు, ఇంకో జానెడు అని చూపుతున్నారు. చెయ్యి పడగానే ఆపాను.

ఆటో మీద ఏమీ లేదు. డ్రైవర్ని బయటికి తీశారు. సుశీల గారు ట్రైలర్ వంటగదిలోని కూరలు తరిగే చెక్కని అతని కాలికి దన్నుగా పెట్టి, దుప్పటి చింపి కట్టారు. వెనక ఆగిన ఒక కారువాళ్లు అతన్ని ఆసుపత్రికి తీసుకెళ్లారు. బయటికి వచ్చిన ఆడవాళ్లిద్దరూ వణుకుతుంటే ట్రైలర్‌లో కూర్చోబెట్టి, టీ పెట్టి ఇచ్చాం. వాన వెలిసింది. ఆకాశం కడిగినట్టుంది. పడమట సూర్యుడు కొండల అంచున ఉన్నాడు. తడిసిన ఆరావళి అంతా రాగి రంగులో మెరుస్తోంది. గుర్మీత్ గారు తలపాగా పిండుకుంటూ అటే చూస్తున్నారు, ఎంత కనిపిస్తోందో మరి.

మర్నాడు బండి కాగితాలు మాట్లాడడానికి పాలం విహార్ వెళ్లాం. ఇంటి ముందు డ్రిల్లింగ్ చప్పుడు వినిపించింది. ట్రైలర్‌లో గుర్మీత్ గారు కప్పుకి ఒక స్టీలు కొక్కెం బిగిస్తున్నారు. కింద బల్ల మీద సుశీల గారు కూర్చుని, "ఇంకాస్త పైకి. సంచి పొట్టకన్నా బాగా ఎత్తులో వేలాడాల," అని కొలిచి చెబుతున్నారు.

నేను గుమ్మంలోనే నిలబడిపోయాను. ఆయన వెనక్కి తిరక్కుండానే, "కూకుని టీ తాగడానికి ఇంట్లో కుర్చీలున్నాయమ్మా. ఇది తిరగాల," అన్నారు.

సుశీల గారే నా చెయ్యి పట్టుకుని లోపలికి లాగి, చేతులు కడుక్కునే చోటు ఎక్కడ పెట్టాలో, సంచుల పెట్టెలు ఎక్కడ కదలకుండా సర్దాలో చూపించడం మొదలుపెట్టారు.

ధర సంగతి రాయను. ఇద్దరికీ న్యాయంగానే తోచింది. బండికీ ట్రైలర్‌కీ కాగితాలు వేరువేరు. ఎన్‌ఓసీలు చేతికి రావడానికి రెండు వారాలు పట్టింది, ఓపిక తీసుకెళ్లండి. ఈలోగా ఆటో డ్రైవరు కాలికి ఆపరేషన్ అయిందని, నడుస్తాడని సుశీల గారు కనుక్కుని చెప్పారు. బయలుదేరిన రోజు పొద్దున గుర్మీత్ గారు ట్రైలర్ చుట్టూ ఒకసారి నడిచి, ప్రతి నట్టునీ వేళ్లతో తడిమి చూసి, "వెళ్లు తల్లీ," అన్నారు. మేము మలుపు తిరిగేదాకా ఇద్దరూ గేటు దగ్గరే ఉన్నారు.

శ్రీను సెలవు పెట్టి తోడు వచ్చాడు. ట్రైలర్‌తో నెమ్మదిగా పోవాలి, పగలే పోవాలి. గ్వాలియర్, సాగర్, సివనీ, నాగపూర్‌లలో రాత్రిళ్లు ఆగాం. ప్రతిచోటా లాడ్జి గది కన్నా మా గదే శుభ్రంగా ఉందనిపించి అందులోనే పడుకున్నాను. రైల్లోంచి చూసిన చంబల్‌ని ఈసారి వంతెన మీద నేనే బండి నడుపుతూ దాటాను. సివనీ దాటాక పెంచ్ అడవిలో రోడ్డునే స్తంభాల మీదకి ఎత్తారు, కింద జంతువులు తిరగడానికి. చెట్ల కొసల మధ్య నుంచి అంత బరువు లాక్కుంటూ పోయాం. ఒక ధాబాలో లారీ డ్రైవరు ట్రైలర్ చుట్టూ తిరిగి చూసి, "దీంట్లో ఏం తీసుకెళ్తున్నారు దీదీ?" అని అడిగాడు. ఇంకా ఏమీ లేదని చెప్పాను.

అయిదో రోజు మధ్యాహ్నం నిర్మల్ దాటాక దివ్య ఫోన్ చేసింది. "అమ్మా, సోన్ బ్రిడ్జి కాడ ఆగు. మేమీడనే ఉన్నం."

మా ఊరికి గంట దూరంలో, గోదావరి వంతెన పక్కన చెట్ల నీడలో అద్దెకారు ఉంది. దాన్ని ఆనుకుని మల్లేశ్ నిలబడి ఉన్నారు. పక్కన నీళ్ల సంచుల పెట్టె ఒకటి. ఆయన బండిని చూడలేదు. తిన్నగా ట్రైలర్ దగ్గరికి వెళ్లి తలుపు తీసి, లోపలికి చూసి, కప్పుకి బిగించిన కొక్కాన్ని చేత్తో పట్టి లాగి చూశారు.

"టైమయింది. ఈడనే ఎక్కించుకుంట," అన్నారు.

దివ్య లోపల బల్లంతా మందుతో తుడిచి వచ్చింది. ఆయన చేతులు కడుక్కుని, మాస్కు కట్టుకుని తలుపు మూసుకున్నారు. మేము ముగ్గురం బయట రాళ్ల మీద కూర్చున్నాం. ఎండాకాలం కదా, గోదావరి పాయలు పాయలుగా రాళ్ల మధ్య పారుతోంది. గాజు కిటికీలోంచి ఆయన కనిపిస్తున్నారు. తల పైన సంచి వేలాడుతోంది. ఆయన మాత్రం సంచి వైపు చూడట్లేదు, నది వైపే చూస్తున్నారు. అద్దె కారతను కూడా వెళ్లిపోకుండా మా పక్కనే నిలబడి చూస్తున్నాడు.

ఈ ప్రయాణంలో చాలా పెద్దవి చూశాను. అంతులేని ఊరు, ఆకాశమంత దుమ్ముగోడ, నేల చీలిన లోయలు. వాటన్నిటి ముందూ నోరెళ్లబెట్టి నిలబడినదాన్నే. ఆ చిన్న కిటికీ ముందు కూర్చున్నంత సేపు మాత్రం ఇంకెక్కడా కూర్చోలేదు.

అరగంట తర్వాత తలుపు తెరుచుకుంది. ఆయన మాస్కు తీసి మెట్టు మీద కూర్చున్నారు. "పెట్టెల ఇంకెన్ని సంచులున్నయి?" అని దివ్యని అడిగారు.

"పెట్టె నిండ ఉన్నయి నాన్నా."

ఆయన వంతెన వైపు, నీళ్ల వైపు మళ్లీ ఒకసారి చూశారు.

"అయితే ఇంటికి రేపు పోదాం."